పురుగులింట్లో పడకలు

పిల్లలూ, పట్టుపురుగుల ఇంటి వాకిట్లో నీళ్ళ తొట్టి ఎందుకు పెడతారో చెప్పండి చూద్దాం?

కాళ్ళు కడుక్కోకుండా లోపలికి పోతే పురుగులకు తెగులు తగులుతుంది. అందుకే. వచ్చినవాళ్ళతో మొదట అనే మాట కూడా "కాళ్ళు కడుక్కోని రాండి" అనే. ఆ మాటే ఒకామె ప్రాణం తీసింది.

1957లో నాకు సాదలి బడిలో కొత్త ఉద్యోగం. హనుమక్క ఇంట్లో అద్దెకుండేదాన్ని. ఆమె ఒక్కగానొక్క కొడుకు పిళ్ళప్ప యుద్ధం రోజుల్లో ఆసుపత్రి ఓడలో రోగుల్ని ఎత్తి పడుకోబెట్టే పనికి పోయాడు. ఓడ నడిసముద్రంలో మునిగింది. శవం రాలేదు. ఏళ్ళు గడిచినా హనుమక్క దినాలు చెయ్యనివ్వలేదు. "వస్తాడు మేష్ట్రమ్మా" అనేది. ఓడలో పడకలు మన పురుగుల తట్టల మాదిరే ఒకదానిమీద ఒకటి ఉంటాయని సెలవుకొచ్చినప్పుడు వాడు చెప్పాడట.

ఒకరోజు దీపం పెట్టే వేళ ఇద్దరం తట్టల్లో ఆకు వేస్తున్నాం. పెద్ద పురుగులు మేస్తుంటే వాన కురిసినట్టు చప్పుడు. ఉన్నట్టుండి అది ఆగిపోయింది. పురుగులన్నీ తలలెత్తాయి. ఉప్పు వాసన... కుళ్ళిన చేపల వాసన...

వాకిట్లో తొట్టి నీళ్ళు కదిలాయి.

"అమ్మా..."

హనుమక్క చేతిలో గంప జారింది. "పిళ్ళప్పా! యాడుంటివిరా ఇన్నాళ్ళు? కాళ్ళు కడుక్కోని రారా!"

"కడుక్కుంటాండా... నాతో రోగులుండారమ్మా. వాళ్ళను విడిచి రాకూడదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "వద్దక్కా, పలకొద్దు."

విదిలించుకుంది. "కనింటే తెలుస్తుండె నీకు! అందర్నీ పిలుచుకోని రాప్పా. కాళ్ళు కడుక్కోని రాండి!"

కడుక్కున్నారు... కడుక్కుంటూనే ఉన్నారు. గడప మీదుగా నీళ్ళు లోపలికొచ్చాయి. చల్లగా. మనుషులు కనిపించలేదు. తట్టలు మాత్రం ఒక్కొక్కటే కుంగాయి. పురుగులు కిందికి రాలాయి. కనపడని పాదాల కింద చితికాయి.

"పడకలు నిండిపాయ," గుసగుసగా అన్నాడు వాడు. "పైన ఒగటే మిగిలుండాది. పడుకోమ్మా."

"మరి నీకురా, నాయనా?"

"పనోడికి పడక ఉండదమ్మా."

దీపం ఆరింది. నేను వీధిలోకి పరుగెత్తాను.

పక్కింటి మునిశామప్ప లాంతరు తెచ్చేసరికి హనుమక్క పై తట్టలో పడుకుని ఉంది. చీర తడవలేదు. నోట్లోంచి మాత్రం ఉప్పునీళ్ళు కారుతున్నాయి. సాదలికి సముద్రం ఎంత దూరమో పటంలో చూసుకోండి. కళ్ళు వాకిలి వైపే తెరుచుకుని ఉన్నాయి. అన్నేళ్ళు ఎదురుచూసిన మొహం ఆమెకు కనపడనేలేదు.

సరే, లేవనివ్వండి. మన పురుగులింటి వాకిట్లో తొట్టి సగమే నింపి మీ దగ్గర కూర్చున్నాను. మిగతా సగం పోసి వస్తాను...

సగమే కదా పోశాను. మరి ఆ పొర్లుతున్న చప్పుడేమిటి?

మీరు కదలకండి. నేను పోయి చూస్తాను. ఎవరు పిలిచినా... కాళ్ళు కడుక్కోమని మాత్రం అనకండి.