ఆగిన నిమిషాల లెక్క

"మేడమ్, ఇది పదకొండో బస్ స్టాపు. మనది సైకిల్ యాత్ర. బస్సుల తనిఖీ కాదు."

పరాయి దేశపు కొండదారిలో, వానకు నిలువునా తడుస్తూ, యాత్రానాయకుడు ఈ మాట మర్యాదగానే అన్నాడు. రేకు కప్పు కింద అంటించిన బస్సుల పట్టికను ఫోటో తీస్తున్న ఆ యువతి వెనక్కు తిరగకుండానే జవాబిచ్చింది.

"మీ కరపత్రంలో ఏం రాశారు? 'ఇక్కడి మనుషుల్లా బతికి చూడండి' అనేగా? ఇక్కడి మనుషులు బస్సు కోసం చూస్తున్నారు. నేనూ చూస్తున్నా."

వెనుక నిలిచిన యాత్రికులు తొమ్మండుగురూ నవ్వారు. అందరికంటె బిగ్గరగా నవ్వినది ఆమె పెద్దమ్మ, పదవీవిరమణ చేసిన ప్రధానోపాధ్యాయిని.

"అబ్బాయ్, దానితో వాదం పెట్టుకోకు. అది పుట్టినప్పటి నుంచి నేనే ఓడిపోతున్నా."

ఆ యువతి వృత్తి పరిశోధన. రవాణా సౌకర్యం ఎవరికి అందుతున్నది, ఎవరికి అందడం లేదు అన్నది ఆమె విషయం. నాలుగేళ్లు సాగిన ఆ పనికి ప్రభుత్వం ఒక్క ఉత్తరంతో నిధులు నిలిపివేసింది. సహాయకులు ముగ్గురూ వెళ్లిపోయారు. గది తలుపు వేసుకుని కూర్చున్న పిల్లను పెద్దమ్మ ఈ యాత్రకు లాక్కువచ్చింది. మిగిలిన ఆశ ఒక్కటే. గురువారం పది గంటలకు ఒక ధర్మసంస్థ కమిటీ ఆమె మాట ఫోనులో ఆలకిస్తుంది. వారు ఒప్పుకుంటే పని బతుకుతుంది. లేకుంటే నాలుగేళ్ల శ్రమ బీరువా పాలే.

ఈ సంగతి పెద్దమ్మ ద్వారా తెలిసిన నాయకుడు మెత్తబడ్డాడు.

"ఐదేళ్లుగా ఈ దారుల్లో తిరుగుతున్నా. బస్సు లేని ఏ ఊరి నుంచి ఆసుపత్రికి సైకిల్ మీద ఎంతసేపో నా సైకిల్ మీటర్‌లో ఉంది. కావాలా?"

"ఊరికేనా?"

"మీరు తర్వాతి స్టాపులో ఆగనంటే."

"అయితే అక్కర్లేదు."

అయినా ఇచ్చాడు. బుధవారం సాయంత్రం బస చేసిన ఇంటి భోజనాల బల్ల దగ్గర ఆ అంకెలు చూసి ఆమె కనుబొమలు ముడిచింది.

"నది అవతలి ఊరి నుంచి నలభై నిమిషాలా? నిన్న మనం రైలు గేటు దగ్గర నిలబడ్డాం. పడవ కోసం కూడా నిలబడ్డాం. ఆ నిలబడ్డదంతా ఏమైంది?"

"అది మీటర్ లెక్కెయ్యదు. చక్రం ఆగితే అదీ ఆగిపోతుంది. మా సైకిల్ వాళ్లకి సగటు వేగం ఘనంగా కనబడాలి కదండీ!"

"నాయనా! నా నాలుగేళ్ల పరిశోధనంతా ఆ ఆగిన నిమిషాల గురించే! నలభై నిమిషాలని చెబితే ఆ ఊరికి బస్సెందుకంటారు. రేపు పదింటికి నేనేం చెప్పను?"

అతని ముఖం వాడిపోయింది. అయితే తప్పు తెలిశాక నసిగే మనిషి కాదతను.

"పొద్దున్నే ఆరింటికి బయల్దేరదాం. గుంపుని నా సహాయకుడు ఆసుపత్రి దగ్గరికి తీసుకొస్తాడు. ఈసారి చేతి గడియారం చాలు."

నది అవతల ఊరిలో నాయకునికి తెలిసిన ఒక దర్జీ స్త్రీ ఉన్నది; ఆసుపత్రిలోని తల్లిని చూడడానికి వారం వారం సైకిల్ మీద వెళుతుంది. నాయకుడు ఆమె భాషలో అడుగగా, ఆమె నవ్వి వెంట రమ్మన్నది. ముగ్గురూ తొక్కారు, గేటు దగ్గర నిలిచారు, పడవ కోసం గట్టున తడిశారు. ఆసుపత్రి మెట్లు చేరేసరికి గంటా ముప్పైఐదు నిమిషాలు.

పది గంటలకు ఆసుపత్రి వరండాలోనే ఫోను మోగింది. అంతా విని కమిటీ అధ్యక్షుడు అడిగాడు: "నలభై అంటున్నావు, తొంభైఐదు అంటున్నావు. ఏది నిజమమ్మా?"

"రెండూ నిజమేనండీ. మొదటిది చక్రం చెప్పింది, రెండోది మనిషి చెప్పింది. ఇక్కడైనా మన దగ్గరైనా, బస్సులు వేసేవాళ్లకి ఇన్నాళ్లూ మొదటిదే చేరింది. మధ్యలో పోయిన ఆ యాభైఐదు నిమిషాలూ ఎవరివో చెప్పడమే నా పని."

అవతల కమిటీవారు తమలో తాము మాట్లాడుకున్నారు. అనంతరం, ఒక ఏడాదికి నిధులు, ఒక సహాయకుడు మంజూరు.

ఫోను పెట్టేసి, ఆమె మెట్టు మీద కూలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి అతడు చెప్పదలచినది దాచుకోలేకపోయాడు.

"మీరు ప్రతి స్టాపులో ఆగుతుంటే మొదట విసుగేసేది. ఇప్పుడు తర్వాతి స్టాపు ఎప్పుడొస్తుందా అని నేనే వెతుక్కుంటున్నా. నాకు మీరంటే ఇష్టం."

"అబ్బో! ఇంత తిన్నగా చెప్పేశారేం? కాస్త డొంకతిరుగుడుగా చెబుతారనుకున్నా."

"దారి తెలిసినవాణ్ణండీ. చుట్టు తిరగను."

ఆమె తల వంచుకుని చేతిరుమాలు పిండింది. "నాకూ ఇష్టమే. కానీ మా ఊళ్లో ఇంకా నలభైరెండు స్టాపులు మిగిలాయి. తొందరపెడితే ఊరుకోను."

"పెట్టను."

అంతలో గుంపు వచ్చి చేరింది. పెద్దమ్మ సైకిల్ దిగి, ఇద్దరి ముఖాలూ పరీక్ష పేపర్లు దిద్దినంత శ్రద్ధగా చూసి, నాయకుని వైపు చెయ్యి చాచింది.

"అబ్బాయ్, ఆ దారి పటం ఇలా ఇయ్యి. ఇవాళ్టికి గుంపుని నేను నడిపిస్తా. మీరిద్దరూ మెల్లగా రండి. ఏమే, మీ అమ్మకి ఫోను నేనే చేస్తాలే. నువ్వు చెబితే అది సగం వినకుండానే ఏడుస్తుంది."