నడిచెరువులో వెనక్కి తిరిగే పడవ

రాత్రి పదిన్నర దాటితే గండిచెరువులో పడవ ఎక్కొద్దంటారు. ఎక్కినవాళ్లు మునగరు, చావరు… కానీ అవతలి ఒడ్డుకు చేరరు! నడుమ దాకా పోయి, ఎక్కిన చోటికే తిరిగొస్తారు. మహేశ్వరం వైపు ఎవరినైనా అడగండి, ముందు ఈ మాటే చెబుతారు.

పడవేమో కొత్తది. బ్యాటరీతో నడుస్తుంది. పొగ లేదు, చప్పుడు లేదు, చెరువులో చుక్క డీజిల్ పడదు. మనుషులతో పాటు స్కూటీలను, ఆటోలను కూడా దాటిస్తుంది. చెరువు కట్ట మీది బాటను రిసార్టువాళ్లు గోడ కట్టి మింగేశారు కదా, దానికి బదులుగా ఊరికి ఇచ్చిన పడవ ఇది. రాత్రి పన్నెండు దాకా ఉచితంగా దాటించాలని ఒప్పందం. ఆవును చంపి చెప్పులు దానం చేయడమంటే ఇదే!

వెనక్కి తిప్పేది రాములు దెయ్యమని ఊరు తేల్చేసింది. రాములు ముప్పై ఏళ్లు ఆ చెరువులో పుట్టి, అంటే గుండ్రటి బుట్టలాంటి పడవ, నడిపి జనాన్ని దాటించాడు. మూడేళ్ల కింద గాలివానలో అక్కడే మునిగి చనిపోయాడు. తన రేవులో ఇంకో పడవ తిరిగితే ఓర్వలేకపోతున్నాడట!

ఆ మాట విన్నప్పుడల్లా ఆయన బిడ్డ సక్కుబాయికి ఒళ్లు మండేది. ఆమెది ఎయిర్‌పోర్టులో నేలలు శుభ్రం చేసే పని. డ్యూటీ దిగాక ఆమె కూడా అందరిలాగే పదకొండు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఇల్లు చేరేది. ఒక రాత్రి పదకొండింటికి, ఇక ఓర్చుకోలేక స్కూటీని నేరుగా పడవ ఎక్కించింది. ఆమె నాకు చెప్పిందే మీకు చెబుతున్నాను.

"అక్కా… ఒద్దు. చుట్టు తిరిగి పో," అన్నాడు పడవ నడిపే నరేందర్, గొంతు తగ్గించి.

"నడుపు. మా బాపే అయితే ఆయనతోనే మాట్లాడుత."

పడవ కదిలింది. ఇంజను మోత లేదు… అంచుకు నీళ్లు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒడ్డు దీపాలు చిన్నవయ్యాయి.

నడుమకు వచ్చారు. లైట్లు మసకబారాయి. పడవ ఆగింది… మెల్లగా పక్కకు తిరగడం మొదలుపెట్టింది.

సక్కుబాయి క్యాబిన్ వైపు చూసింది. స్టీరింగ్ దానంతట అదే తిరుగుతోంది. నరేందర్ చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

 కమ్మీ పట్టుకుని నీళ్ల మీదికి వంగింది.

"బాపూ… నువ్వేనా?"

పడవ ఇంకాస్త తిరిగింది.

"నేను సక్కును బాపూ… నన్ను గూడ ఎనక్కి పంపుతవా?"

 ఏడుస్తోంది. అప్పుడు వినిపించింది, క్యాబిన్‌లోంచి — కీక్… కీక్… కీక్…

ఆమె ఏడుపు ఆగిపోయింది. ఆ కూత ఆమెకు తెలుసు. ఎయిర్‌పోర్టులో నేల తుడిచే మిషన్ ఉంది. బ్యాటరీ అయిపోవస్తే అది కూడా ఇట్లాగే కూసి, లైట్ తగ్గించుకుని, సగం పని వదిలేసి, తనంతట తానే చార్జింగ్ దగ్గరికి వెళ్లిపోతుంది. రోజూ దాని వెనక నడిచేది ఈమే.

విసురుగా క్యాబిన్‌లోకి పోయి చూసింది. స్క్రీన్ మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతోంది.

"ఏందిరా ఇది?"

నరేందర్ తల ఎత్తలేదు. "పొద్దూకంగ రిసార్టు గెస్టులను తిప్పుతరక్కా. ఏసీ, పాటలు, లైట్లు… చార్జింగ్ ఆడనే అయిపోతది."

"మరి ఊరోళ్లకు ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే నౌకరి పోతదన్నరు రిసార్టోళ్లు. దెయ్యమని ఎవ్వరూ ఎక్కకుంటె… రాత్రి ట్రిప్పు బంద్ చేస్తరట. రాత్రి ఎవ్వరూ ఎక్కుతలేరని కాగితం గూడ తయారయింది."

విన్నారా! బతికినన్నాళ్లూ ఊరికి ఉపయోగపడ్డ మనిషిని, చచ్చాక వాళ్లు జీతం లేని నౌకరుగా పెట్టుకున్నారు. సిగ్గు లేదు, పాపభయం అసలే లేదు. నాకే ఇంత మండితే ఆ బిడ్డకు ఎట్లా ఉండాలి?

పడవ ఎక్కిన ఒడ్డుకే, చార్జింగ్ ఉన్న చోటికే వచ్చి ఆగింది.

"దిగక్కా…"

"నేను దిగ. చార్జింగ్ పెట్టు. నన్ను అవతల దించినంకనే నువ్వు ఇంటికి పోయేది."

గంటన్నర అట్లాగే స్కూటీ మీద కూర్చుంది.

అవతలి ఒడ్డున అప్పటికే జనం టార్చిలైట్లతో పోగయ్యారు. పడవ వెనక్కి తిరగడం చూశారు, ఇంకా ఇల్లు చేరని సక్కుబాయి అందులోనే ఉందని అనుకున్నారు. తండ్రి కూతుర్ని తీసుకుపోయాడని కొందరు అప్పుడే శోకాలు మొదలుపెట్టారు. ఒంటిగంటకు పడవ వచ్చి ఆగింది. సక్కుబాయి దిగింది.

ముసలి చంద్రమ్మ దూరంగా జరిగి గుసగుసగా అడిగింది, "ఎట్లొచ్చినవే… రాములు ఎట్ల ఇడిసిపెట్టిండు?"

అంతే. సక్కుబాయి బ్యాటరీ సంగతి, గెస్టుల సంగతి, కాగితం సంగతి అక్కడికక్కడే కక్కేసింది. ఆ తర్వాత ఒక్కొక్కరి మొహంలోకి చూసింది.

"వాళ్లంటే పైసలున్నోళ్లు, ఏమన్న చేస్తరు. మీరెట్ల నమ్మిన్రు? మా బాపు ముప్పై ఏండ్లు దాటించిండు మిమ్మల్ని. ఒక్కలనన్న నడిచెర్వులకెళ్లి ఎనక్కి తెచ్చిండా? చెప్పుండ్రి!"

టార్చిలైట్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అక్కడున్నవాళ్లంతా ఆయన పుట్టిలో దాటినవాళ్లే.