మబ్బులో పలికినవాడు

ఆ పొద్దున గేటు దగ్గర మా చెల్లి అలేఖ్య ఒక్క మాటే చెప్పింది.

"అన్నయ్యా, ఆయన్ని ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా. దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ ఇంట్లో ఉండాలి."

ఆయనంటే సన్యాసిరాజు. మాఘమాసంలో దాని మెడలో తాళి కట్టబోయేవాడు. వాళ్లది పద్మనాభం దగ్గర వ్యవసాయ కుటుంబం. మా నాన్నేమో గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి గాజువాకలో స్థిరపడ్డాడు. రాజు, నేను ప్లాంటులో ఒకే గ్యాంగు. ముందు స్నేహితులం, ఆ తర్వాతే బావలమయ్యాం. పెళ్లయ్యాక వీడికి ఇలా తిరగడం ఎక్కడ కుదురుతుందిలే అని, ఇద్దరికీ వీక్లీ ఆఫ్ కలిసిన రోజు నా బండి మీద అనంతగిరి బయల్దేరాం. గైడూ లేడు, ప్లానూ లేదు. ఫోన్లో మ్యాపు, సంచిలో అమ్మ కట్టిన పులిహోర, అంతే.

ఎస్.కోటలో ఇడ్లీ తిని ఘాట్ రోడ్డెక్కాం. కాఫీ తోటల పచ్చివాసన, తడిమట్టి వాసన, ఎక్కడో కట్టెల పొగ. రాజు ప్రతి మలుపులోనూ బండి ఆపించి ఫొటోలు తీసి అలేఖ్యకి పంపుతున్నాడు. సిగ్నల్ లేక ఒక్కటీ వెళ్లడం లేదు. వాడి అవస్థ చూసి కడుపుబ్బ నవ్వుకున్నాను.

రోడ్డు పక్క టీ బడ్డీలో ఆగాం. నిప్పుల మీద వెదురుబొంగుల్లో కోడి కాలుతోంది. బడ్డీ పెద్దావిడ మేము వాగు చూడ్డానికి దిగుతున్నామని విని, గ్లాసులు కడుగుతూనే అంది.

"ఎల్లండి బాబూ. పొద్దుండగానే వచ్చీండి. మబ్బు దిగిందంటే మాత్రం ఒకల్నొకలు పేరెట్టి పిలుసుకోకండి."

"పిలిస్తే ఏటవుద్ది?" అన్నాడు రాజు.

"పలుకుద్ది."

"ఎవరు?"

"నానేటి సెప్పగలను. మీవోడు మాత్రం కాదు."

నేను పకపకా నవ్వాను. దెయ్యాల కబుర్లంటే నాకు మొదట్నుంచీ వేళాకోళమే. రాజు మాత్రం నవ్వలేదు. టీ సగంలో వదిలేసి లేచాడు.

వాగు దగ్గర బండరాయి మీద పులిహోర తిన్నాం, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. మళ్లీ ఎక్కి బండి దగ్గరికి వచ్చాక చూస్తే రాజు హెల్మెట్ లేదు. రాయి మీదే మర్చిపోయాడు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. పైన కొండ అంచు కనబడడం లేదు.

"నువ్విక్కడే ఉండు బావా," అన్నాడు. "మబ్బొచ్చీలాగుంది. నువ్వు మాత్రం పిలవకు. నానే వచ్చేత్తాను."

"సరే వెళ్లరా, పిరికోడా," అన్నాను.

వాడు బాటలోకి దిగాడు. చెప్పుల కింద ఎండుటాకుల చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత మబ్బు దిగింది. ముందు లోయ పోయింది, తర్వాత చెట్లు పోయాయి, చివరికి నా బండి ముందు చక్రం కూడా మసకబారింది. పిట్టల అరుపులు ఆగిపోయాయి. ఇంకోటి కూడా గమనించాను. వాసనలు లేవు. మట్టి వాసన లేదు, ఆకుల వాసన లేదు, పొగ వాసన లేదు. వాసన లేని గాలి అంటే మాకు వణుకు.

ఎందుకో చెబుతాను. ప్లాంటులో గ్యాస్ లైన్ పనికి మేం ఎప్పుడూ జంటగా వెళ్తాం. ఒకడు లోపల, ఒకడు బయట. ఆ గ్యాస్‌కి రంగుండదు, వాసనుండదు. అందుకని బయటివాడు పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి, లోపలివాడు "ఓకే" అంటూ ఉండాలి. జవాబు ఆగిందంటే మనిషి పడిపోయాడని అర్థం. ఏళ్ల తరబడి నేను బయట, రాజు లోపల. ఈ అలవాటు మా ఒంట్లోకి ఇంకిపోయింది.

అందుకే, పెద్దావిడ మాట గానీ, రాజు మాట గానీ గుర్తురాకముందే నా నోరు తెరుచుకుంది.

"రాజూ!"

"ఓకే బావా!"

కింద నుంచి, వాగు వైపు నుంచి. వాడి గొంతే. ప్రాణం లేచొచ్చింది. కాసేపాగి మళ్లీ పిలిచాను.

"రాజూ!"

"ఓకే బావా!"

ఈసారి కొంచెం దగ్గరగా. ఎక్కొస్తున్నాడు కాబోలు అనుకున్నాను. ఆకుల చప్పుడు మాత్రం లేదు. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. వెలుగు తగ్గిపోతోంది. ఇంటి దగ్గర అలేఖ్య గేటు వైపు చూస్తూ ఉంటుందని గుర్తొచ్చి గట్టిగా అరిచాను.

"చాల్లేరా! వచ్చేయ్! అలేఖ్య ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంటికెళ్దాం రా!"

మబ్బులోకి చెవి పెట్టి నిలబడ్డాను.

"ఓకే బావా."

అరుపు కాదు. మామూలుగా, పక్కన కూర్చుని చెప్పినట్టు...

అప్పుడే వెనక నుంచి ఒక చెయ్యి నా నోరు మూసింది. గింజుకుని తిరిగాను. రాజు! హెల్మెట్ చంకలో ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా చెవి దగ్గరికి వంగాడు.

"అరవకు," గుసగుసగా అన్నాడు. "దారి తప్పి రోడ్డు పైనుంచి తిరిగొచ్చాను. నీ పిలుపు ఇంటానే ఉన్నాను. నాను పలకలేదు బావా. ఒక్కసారీ పలకలేదు."

కింద మబ్బులో ఒక కొమ్మ విరిగింది...

బండి ఎలా తీశానో నాకు తెలీదు. ఎస్.కోట దీపాలు కనబడేదాకా ఎక్కడా ఆపలేదు. అక్కడ వేడి టీ గొంతులో పడ్డాక రాజు ఏడ్చేశాడు, నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చేసరికి అలేఖ్య గుమ్మంలో దీపం పెట్టి నిలబడి ఉంది. తీసుకెళ్లినవాణ్ణి తీసుకెళ్లినట్టే అప్పజెప్పాను. గండం గడిచిందనుకున్నాను.

పెళ్లి బాగా జరిగింది. మా వీధి చివరే మేడ మీద పోర్షను అద్దెకి తీసుకున్నారు. రాజు మునుపటిలాగే ఉన్నాడు. ఒక్కటే తేడా. పనిలో పిలిస్తే ఇప్పుడు "ఓకే" అనడు, స్పానరుతో పైపు మీద టంగుమని కొడతాడు. గ్యాంగులో అందరూ వాణ్ణి ఏడిపిస్తారు. నేను ఏడిపించను.

నిన్న ఇద్దరికీ బి షిఫ్టు, రాత్రి పదింటిదాకా. సాయంత్రం రెస్ట్ రూములో టీ తాగుతుంటే అలేఖ్య ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఆయన ఇవాళ ముందే వచ్చేశారేంటి?"

రాజు నా ఎదురుగా బూట్లు బిగించుకుంటున్నాడు.

"నువ్వు చూశావా?" అన్నాను.

"ఇంకా లేదు. దీపం పెడుతుంటే మెట్ల మీద చప్పుడైంది. మీరేనా అంటే పలికారు. గొంతు ఆయనదే... కానీ నన్ను బావా అంటారేంటన్నయ్యా?"

నా ముఖం చూసి రాజు లేచాడు. స్పీకర్ నొక్కాను.

"అమ్మలూ, తలుపు తియ్యకు. పిలవకు. మాట్లాడకు."

"ఏంటీ? సరిగ్గా వినబడట్లేదు. ఆగు, మెట్ల దగ్గరే నిలబడిపోయినట్టున్నారు, లోపలికి రమ్మంటాను."

"అలేఖ్యా!"

ఫోను చెవి నుంచి తీసేసింది. తలుపు గడియ చప్పుడైంది. దాని గొంతు దూరంగా, నవ్వుతూ వినబడింది.

"అక్కడే ఉన్నారేంటండీ? లోపలికి రండి!"

రాజు నా ఎదురుగానే ఉన్నాడు. రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు.

ఫోన్లో వాడి గొంతు, మామూలుగా, పక్కనే కూర్చుని చెప్పినట్టు...

"ఓకే బావా."