బూటు మడమలో ఇరవై ఆరేళ్లు

ఆదివారం ఉదయం పది నలభైకి, మందమర్రి గని కాలనీ చర్చి మెట్ల మీద, ఎబినేజర్‌ను ఒక కరచాలనం చంపింది.

గనిలో పనులు పర్యవేక్షించే ఓవర్‌మ్యాన్‌గా రిటైరైన ఆ డెబ్బై ఒక్కేళ్ల మనిషి ఎప్పటిలాగే ఆరాధన ముగిశాక గుమ్మంలో నిలబడి, బయటికి వస్తున్న ప్రతివారి చేయీ పట్టుకుని పలకరిస్తున్నాడు. మాస్క్ పెట్టుకున్న ఒక ఆడమనిషి "ప్రైజ్ ద లార్డ్ తాతా" అంటూ చేయి కలిపింది. ఆమె ఉంగరంలో సూది ఉంది. ఆయన మూడో మెట్టు మీద కూలబడేసరికి ఒక తెల్లకారు హైవే ఎక్కేసింది. అందరూ గుండెపోటనుకున్నారు. ఇంటికి వెళ్లి చూస్తే బీరువా బార్లా తెరిచి ఉంది. ఆయన అందులో దాచుకున్న మెమరీ చిప్ లేదు. కంప్యూటర్‌లో అక్షరం మిగల్లేదు.

మర్నాడు హైదరాబాద్‌లో, బయట బోర్డు లేని ఒక ఆఫీసులో, ఏజెంట్ దెబోరా తన చీఫ్ లింగమూర్తి టేబుల్ ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చిప్‌ల ఏమున్నదో నీకు తెల్సు గదా?" అన్నాడు లింగమూర్తి.

"నాకు తెల్సు సార్. మీకు తెల్సా అన్నదే నా డౌట్."

దెబోరాకు తెలియకపోవడమేమిటి? ఆమె తండ్రి మైసయ్య మీద గని పైకప్పు కూలినప్పుడు శవాన్ని చేతులతో తవ్వి తీసింది ఎబినేజరే. బండ కూలే ముందు ఏదో చప్పుడు చేసి తీరుతుందని ఆయన నమ్మకం. ఆ ఏడాది మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు గనిగనికీ తిరిగి ఆ చప్పుళ్లన్నీ రికార్డు చేశాడు. వాటిని గుర్తుపట్టి ముందే ఎర్రదీపం వెలిగించే యంత్రం చేశాడు. యంత్రం ఇంకొకటి చేసుకోవచ్చు. ఆ చిప్‌లోని చప్పుళ్లు మాత్రం మళ్లీ దొరకవు. ఒకటో తారీఖున ట్రయల్. అదీ దెబోరా తమ్ముడు జోయల్ పనిచేసే గనిలోనే.

"విదేశీ ముఠాకు గనులతోటి పనిలేదు," అన్నాడు లింగమూర్తి. "మంచు కింద దాక్కున్న సబ్‌మెరైన్ల చప్పుడు పట్టడానికి వాళ్లకు గా డేటా కావాలె. డీల్ ఆర్కిటిక్ క్రూజ్ షిప్‌ల. నార్వేకు ఉత్తరాన లాంగ్‌యర్‌బైన్ రేవు నుంచి శుక్రవారం నాలుగింటికి లేస్తది. ఒక్కసారి నడిసముద్రంల పడ్డదంటే మన చేతుల ఏం లేదు."

"ఎబినేజర్ మామ మీకు ఉత్తరం రాసిండు సార్. 'ఎవరో ఆడమనిషి చిప్ గురించి ఫోన్లు చేస్తున్నది, భయమైతుంది' అని. మూడు వారాలైంది. దాని మీద ఏం రాసిన్రో చూసిన. 'సీన్. ఫైల్.' చూసినం, పక్కన పెట్టినం అని. ఒక మనిషి పానానికి రెండు ముక్కలు!"

"అది మన ఏజెంట్ క్యాథరిన్ డెస్క్‌కు వచ్చింది. పని ఒత్తిడి ఉంటది గదా. ఇప్పుడు మన తరఫున గా ముఠాల చొరబడ్డది కూడా ఆ పిల్లనే. అక్కడ్నే ఉన్నది. నువ్వు బ్యాకప్, అంతే. కోపం ఇంట్ల పెట్టి పో."

"కోపానికి లగేజీ లిమిట్ ఉన్నదా సార్?"

లింగమూర్తి ఒక కవరు ఆమె వైపు జరిపాడు. అందులో హుస్నాబాద్ జువాలజీ లెక్చరర్ పద్మలత పేరుతో పాస్‌పోర్టు, పక్షుల్ని చూసే బైనాక్యులర్, పెన్ను ఆకారంలో చిప్ స్కానర్ ఉన్నాయి.

క్యాథరిన్ ఫోటో గోడ మీద నవ్వుతోంది. కరీంనగర్ మిషన్ కాంపౌండ్‌లో పుట్టి, ఐదు భాషలు నేర్చి, ఏ పార్టీలోకి నడిచినా తలలు తిప్పించే మనిషి. ఆరు దేశాల్లో పనిచేసింది. పద్నాలుగేళ్ల సర్వీసులో దెబోరాకు దక్కిన విదేశం నేపాల్.

దోహా, ఓస్లో, ట్రోమ్సో. ఒక్కో విమానం దిగేసరికి ఒక్కో స్వెట్టర్ ఎక్కింది. ట్రోమ్సో ఎయిర్‌పోర్టులో జోయల్‌కు ఫోన్ చేసింది.

"ఫస్ట్ షిఫ్ట్ చేసి ఇప్పుడే వచ్చిన అక్కా. మా దిక్కు పైకప్పు జర చప్పుడు చేస్తున్నది. కప్పుకు ఆసరాగ కొత్త దిమ్మెలు పెడుతున్నరు. ఏం ఫికర్ లేదు."

"ఫికర్ లేదని నీకెవలు చెప్పిన్రురా? బాపు గూడ గట్లనే అన్నడు!"

చుట్టూ ఉన్న టూరిస్టులు తిరిగి చూశారు. జువాలజీ లెక్చరర్ బైనాక్యులర్ తుడుచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి దిగిన లాంగ్‌యర్‌బైన్ ఆమెకు కొత్తగా అనిపించలేదు. సూర్యుడు అస్తమించని జూలై, చెట్టన్నది లేని కొండలు. కానీ ఆ కొండవాలున బొగ్గు తొట్లు మోసిన పాత రోప్‌వే స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. అదీ బొగ్గు ఊరే. గనులు మూతబడ్డాయి, టూరిస్టులు మిగిలారు.

హోటల్ గుమ్మంలో యాభై ఏళ్ల తెలుగావిడ నేల తుడిచే మాప్ పట్టుకుని నిలబడింది. భైంసా నుంచి వంటకు వచ్చి ఇక్కడ హౌస్‌కీపింగ్‌లో స్థిరపడిన వినోద. డిపార్ట్‌మెంట్ మనిషి.

దెబోరా గొంతు తగ్గించి లింగమూర్తి నేర్పిన కోడ్ మొదలుపెట్టింది. "వేములవాడల కోడెమొక్కు..."

"మొక్కు తర్వాత బై. ముందుగాల బూట్లిప్పు."

"ఏంది?"

"గిక్కడ గడప లోపలికి బూట్లు రావద్దు. బొగ్గుబాయిల జమానా నుంచి ఇదే రూల్. మసి లోపలికి రావద్దని. కలెక్టరొచ్చినా గంతే."

"మా అవ్వది గూడ ఇదే రూల్," అంటూ దెబోరా బూట్లు విప్పింది.

లాబీలో సోఫా నుంచి తెల్లజాకెట్‌లో క్యాథరిన్ లేచింది. మేడమీదికి వెళ్తూ వెళ్తూ దెబోరా పక్కన ఆగి, మ్యాప్ చూపిస్తున్నట్టు వంగింది.

"ఎబినేజర్ తాత సంగతి విని మస్తు ఏడ్చిన అక్కా. చిప్ కొనేటోని కాడికి చేరిపోయింది. షిప్‌ల నేను తీస్కుంట. నువ్వు వాపస్ పో. ఇద్దరముంటే డౌట్ వస్తది."

ఆమె వెళ్లాక వినోద మాప్‌ను బకెట్‌లో గట్టిగా ముంచింది. "గీ పిల్లకు మర్యాద తెల్వదు. క్రూజోళ్లు అందరికీ ఇచ్చిన రబ్బరు బూట్లే, రెండు రోజులు గదిలకు మోసుకపోయింది. పొద్దుగాల కొట్లాడి ర్యాక్‌ల పెట్టించిన. పసిపిల్లను వదిలిపెట్టినట్టు ఎనుకకు తిరిగి తిరిగి చూసింది."

దెబోరా మెట్ల వైపు చూసింది. ఊరకే ఇచ్చిన రబ్బరు బూట్లను గదికి మోసుకెళ్లేది ఎవరు? ఎబినేజర్ ఉత్తరం మీద ఆ రెండు మాటలు రాసిన చేయి ఎవరిది? భయపడి సాయమడిగిన ముసలాయన ఉత్తరం నేరుగా హంతకురాలి టేబుల్ మీదికే చేరింది. తను అదే ఆఫీసులో, నాలుగు టేబుళ్ల అవతల కూర్చుని ఉంది.

ఒళ్లంతా మండింది. చలి అన్నది గుర్తు రాలేదు.

"ఆమె బూట్లు ఏ అరల ఉన్నయ్?"

వినోద ముఖం పాలిపోయింది. "అరలు తుడిసేటప్పుడు అన్నీ కింద పెట్టి మళ్ల సర్దిన బై. ఏదెక్కడ పోయిందో..."

ర్యాక్ నిండా నూట పన్నెండు జతలు. అన్నీ నీలం రంగు, అన్నీ ఒకే కంపెనీ. తనవి ఏవో క్యాథరిన్‌కు తెలిసే గుర్తు ఉంటుంది. అది వెతికే టైమ్ లేదు. గడియారం రెండు ముప్పై ఎనిమిది. రేవుకు బస్సు మూడింటికి.

"గీ ఊరి గవర్నర్ ఆఫీసు పోలీసులకు ఫోన్ చెయ్," అంటూ దెబోరా పెన్ను తీసింది. మొదటి బూటు దగ్గర స్కానర్ బీప్ అంది. రెండో దాని దగ్గరా అంది. పదో దాని దగ్గరా అంది. క్రూజ్ కంపెనీ ప్రతి బూటులోనూ ట్రాకింగ్ చిప్ అంటించింది. ఈ స్కానర్ తయారుచేసిన వాళ్లను వరుసగా నిలబెట్టి ఇదే పెన్నుతో పొడవాలనిపించింది. పెన్నును డస్ట్‌బిన్‌లో పారేసింది.

తర్వాత ఆమె కాఫీ టేబుల్ మీద నుంచి స్టీలు గరిటె అందుకుంది.

గనిలో షిఫ్ట్ దిగగానే ముందు పైకప్పును కర్రతో కొట్టి వింటారు. ఒక చేత్తో కొట్టి రెండో అరచేతిని బండకు ఆనిస్తారు. గట్టి బండ గట్టిగానే పలుకుతుంది. లోపల విడిపోయిన బండ డొల్లగా పలికి, అరచేతిలో వణుకుతుంది. మైసయ్య ఇంట్లో గోడలూ తలుపులూ కూడా అలాగే కొట్టి చూసేవాడు. కూతురికీ అదే ఆట నేర్పాడు.

దెబోరా కళ్లు మూసుకుంది. ఎడమ అరచేతిని బూటు మడమకు ఆనించి గరిటెతో తట్టింది. దప్. ఇంకొకటి. దప్. వినోద పక్క నుంచి బూట్లు అందిస్తోంది.

రెండు యాభై. బయట బస్సు వచ్చి ఆగింది.

దప్. దప్. దప్.

రెండు యాభై ఆరు. దొబ్.

అరచేయి జివ్వుమంది. మడమను పట్టి తిప్పింది. మర తిరిగినట్టు ఊడి వచ్చింది. లోపల వెండికాగితంలో గోరంత చిప్.

"అక్కా, నా బూట్లతోటి ఏం పని?"

క్యాథరిన్ ఆఖరి మెట్టు మీద ఉంది. కాళ్లకు ఉన్ని సాక్సులు. వేలికి ఉంగరం.

"నీ బూట్లా? ఇండ్ల మా మామ ఇరవై ఆరేండ్ల బతుకు ఉన్నది," అంది దెబోరా. "తాతా అని చెయ్యి కలిపి చంపినవ్. నీకు గా చెయ్యి ఎట్ల లేచింది?"

"అక్కా, సెంటిమెంట్ వద్దు. గా ముసలాయన దాన్ని ఊకెనే గనులకు ఇస్త అన్నడు. దాని విలువ ఆయనకు తెల్వలే. వాటా నీకు గూడ వస్తది."

"నా తమ్ముడు రేపు పొద్దుగాల అదే కప్పు కింద నిలవడ్తడు. వాని మీద బండ పడితే నీ వాటాతోటి లేపుతవా?"

బస్సు హారన్ మోగింది. క్యాథరిన్ నవ్వుతూనే ఉంగరం ఉన్న చేతిని ముందుకు చాచి దూకింది. అది వినోద అప్పుడే తుడిచిన చెక్కనేల. ఉన్ని సాక్సులు సర్రున జారాయి. ఆరు దేశాలు తిరిగిన ఏజెంట్ వెల్లకిలా పడింది. దెబోరా మోకాలు ఆమె మోచేతి మీద దిగింది. గరిటె దెబ్బకు ఉంగరం ఊడి ర్యాక్ కిందికి దొర్లింది.

గుమ్మంలో ఇద్దరు గవర్నర్ పోలీసులు ప్రత్యక్షమయ్యారు. తుపాకులున్నాయి, బేడీలున్నాయి. వినోద మాప్ అడ్డంగా పెట్టింది. ఇద్దరూ తలలూపి, వంగి, మోకాళ్ల దాకా ఉన్న లేసులు విప్పడం మొదలుపెట్టారు. ఒకతని లేసు ముడిపడింది.

"జల్ది కానీయ్ నాయనా!" అని అరిచింది దెబోరా, క్యాథరిన్ జుట్టు వదలకుండా. అతనికి తెలుగు రాకపోయినా విషయం అర్థమైంది.

నాలుగింటికి షిప్ రెండు సీట్లు ఖాళీగా కదిలింది. చిప్ కొనవలసిన మనిషిని షిప్ ఎక్కే గ్యాంగ్‌వే మీదే పట్టి దించేశారు.

ఒకటో తారీఖున ట్రయల్ జరిగింది. నాలుగో రోజు ఫస్ట్ షిఫ్ట్‌లో, పదకొండున్నరకు ఎర్రదీపం వెలిగింది. తొమ్మిది మంది పనిముట్లు వదిలి బయటికి నడిచారు. పది నిమిషాలకు, వాళ్లు నిలబడిన చోట పైకప్పు మొత్తం దిగింది.

సాయంత్రం జోయల్ ఫోన్ చేశాడు.

"అందరం మంచిగున్నం అక్కా. కానీ ఒక్క పరేషాన్. అవ్వ కొత్తగ కొన్న టిఫిన్ డబ్బా లోపల్నే ఉండిపోయింది. దాని మీద నాలుగు వందల టన్నుల బండ ఉన్నది. అవ్వకు జర నువ్వు చెప్పవా?"



"గంత డేంజర్ ఆపరేషన్ నా వల్ల గాదురా," అంది దెబోరా. "నువ్వే చెప్పుకో."