వేడి లేని దొంగ

మధ్యాహ్నం మూడు గంటలు…

సూర్యుడు అడవి వెనక్కి దిగిపోయి అప్పటికే గంట దాటింది. నల్లని దేవదారు చెట్ల మీద, గడ్డకట్టిన ఏటి మీద, ఉత్తర ధ్రువానికి దగ్గరలోని మీర్‌బ్యూ అనే చిన్న ఊరి పదకొండు ఇళ్ల కప్పుల మీద చీకటి తారులా కారి పేరుకుంది. గాలి లేదు. కొమ్మ కదలదు. ఎక్కడో ఒక కాకి ఒక్కసారి అరిచి, తన గొంతుకు తానే జడిసినట్టు ఆగిపోయింది…

ఊరి చివరి ఇంట్లో, కిటికీకి దుప్పటి కట్టి, వంటగది నేల మీద యోర్దిస్ మోకాళ్లపై కూర్చుని ఉంది. ఆమెకు డెబ్బై ఏళ్లు. ముందు వెన్న చిలికే కొయ్య పీపా, మూత తీసి ఉంది.

"రా బంగారం," అంది మెల్లగా. "అమ్మ దగ్గరికి రా."

పిల్లి దూరే కంతలోంచి అది లోపలికి దొర్లింది.

అది ఒక పక్కటెముక… మనిషి పక్కటెముక. దాని చుట్టూ బూడిదరంగు ఉన్ని. ఉన్నిలో చిక్కుకున్న వెంట్రుకలు, గోళ్ల ముక్కలు. రెండు కొసలా రెండు నోళ్లు, జలగ నోళ్లలా గుండ్రంగా, చుట్టూ సన్నని పళ్లతో. కళ్లు లేవు. మధ్యలో పొట్ట తోలుతిత్తిలా ఉబ్బి, దొర్లినప్పుడల్లా లోపల ఏదో తపతపమని కొట్టుకుంటోంది. పీపా అంచు మీదికి పాకి, ఒళ్లంతా వణికించి, అది కక్కింది. పసుపు పచ్చని జిగురు. పులిసిన వాసన. ఎంత వెచ్చటి పాలు తాగినా ఆ పొట్టలో చేరగానే అవి చల్లబడిపోయేవి. ఆ కక్కులోనూ ఆవిరి లేదు.

యోర్దిస్ వేలు ముంచి నాకింది. తర్వాత గౌను తొడ దాకా లాగింది. తొడ లోపలి వైపు ఆమె కత్తితో కోసుకున్న చోట పులిపిరిలాంటి చనుమొన ఒకటి మొలిచింది. కక్కి ఖాళీ అయిన ఆ జీవి దాన్ని పట్టుకుని రెండు గుక్కలు రక్తం తాగి వదిలింది. అదీ ఒప్పందం. దానికి ఆమె రక్తం రెండు గుక్కలు… ఆమెకు ఊరి పాలు.

ఆ ఎముక ఆమె భర్త రూనేది. బతికున్నప్పుడు ఊరందరి ఇళ్లకూ కరెంటు పని చేసిన మనిషి. పోయిన శరదృతువులో, నేల గడ్డకట్టకముందే ఆమె అతని సమాధి తవ్వి ఆ ఎముక తీసుకొచ్చింది. మూడు ఆదివారాలు చర్చిలో ఇచ్చిన ద్రాక్షరసం మింగకుండా నోట్లోనే దాచుకొచ్చి, రొమ్ముల మధ్య పెట్టుకున్న ఆ ఎముక మీద ఉమ్మింది. మూడో ఆదివారం అది కదిలింది.

శనివారం అంగట్లో యోర్దిస్ వెన్న కోసం జనం ఎగబడేవారు. ఆమెకు ఉన్నది ఒకే ఒక్క ముసలి ఆవు. దాని పాలతో ఇంత వెన్న ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్లో పొరుగువాళ్ల సంగతులు అడగడమంటే వాళ్ల స్నానాల గదిలోకి తొంగిచూడడంతో సమానం.

ఆ పాలు ఏటి అవతలి ఒడ్డున ఉన్న యిల్వా ఆవులవి. ఆమె భర్త సముద్రం మీద చమురు బావిలో పనిచేస్తాడు, వసంతం దాకా రాడు. ఇంట్లో ఆమె, ముసలి తండ్రి ఎవెర్త్, పదిహేనేళ్ల కూతురు తీరా, నాలుగు నెలల పసివాడు ఇవార్. పన్నెండు ఆవులు ఒక్కొక్కటే వట్టిపోతున్నాయి. సాయంత్రం పాలు పితకబోతే పొదుగులు సంచుల్లా వేలాడుతున్నాయి. చనుల చుట్టూ గుండ్రటి పంటి గాట్లు. కొట్టం గుమ్మం నుంచి కంచె దాకా మంచు మీద పసుపు పచ్చని చీమిడి చుక్కలు… తొక్కితే బూటుకు అంటుకుని రెండు రోజులైనా వదలని కంపు.

"దొంగ," అన్నాడు ఎవెర్త్. "పెద్ద దీపం పెడదాం. అయిదువందల వాట్ల పాతది నా దగ్గరుంది."

"అది రాత్రంతా వెలిగితే ఇంటి కరెంటంతా అదే తాగేస్తుంది నాన్నా," అంది యిల్వా. "యోర్దిస్ అత్తని అడుగుదాం. రూనే మామ సామానంతా ఆమెకు తెలుసు."

తన ఇంటికి వచ్చిన ముగ్గురికీ యోర్దిస్ కాఫీ పోసింది, మందంగా వెన్న రాసిన రొట్టె పెట్టింది. యిల్వా మూడు ముక్కలు తింది. తీరా చేతిలో ముక్క పట్టుకుని ఊరుకుంది. వెన్నలో ఒక నెరిసిన వెంట్రుక కనిపించింది. చెప్పడానికి సిగ్గేసి రొట్టె జేబులో దోపుకుంది.

"కదలికకు వెలిగేది కొనుక్కోండి," అంది యోర్దిస్. "పది వాట్ల ఎల్ఈడీ చాలు. మనిషి వస్తేనే వెలుగుతుంది, పోగానే ఆరిపోతుంది. కానీ అందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఒంటి వేడిని పసిగడుతుంది. రెండోది రాడార్. అది మాత్రం తేవద్దు."

"ఏం?"

"మంచు పడినా వెలుగుతుంది, కొమ్మ ఊగినా వెలుగుతుంది. ఎవెర్త్‌కి బిల్లు చూసి గుండె ఆగుతుంది."

"నా గుండె ఎప్పుడో ఆగింది యోర్దిస్, అలవాటు కొద్దీ తిరుగుతున్నా," అన్నాడు ఎవెర్త్. "ఆ వేడి రకమే ఇప్పించు."

"రూనే అరలో కొత్తది ఒకటుంది. తీసుకెళ్లండి. కిందికి వంచి బిగించండి, నా కిటికీలో పడకుండా. ఈ వయసులో వెలుగు పడదు నాకు."

దీపం కొట్టం గోడకు ఎక్కింది. నక్క వస్తే వెలిగింది. పిల్లి వస్తే వెలిగింది. తీరా పేడ ఎత్తడానికి పోతే వెలిగింది. కానీ పాలు పితికే వేళకు గంట ముందు, ఎవరూ లేని ఆ చీకటి గంటలో, ఒక్కసారి కూడా వెలగలేదు. అయినా పొదుగులు ఖాళీ… పన్నెండూ ఖాళీ.

ఆవుల పాలు అయిపోయాక అది ఇంట్లోకి వచ్చింది.

యిల్వా మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి రొమ్ములు నీలంగా కమిలి ఉన్నాయి. వాటి చుట్టూ అవే గుండ్రటి గాట్లు. స్వెటర్ మీద పసుపు పచ్చని చార. ఇవార్ నోరు పెట్టి లాగాడు, లాగాడు… ఏడ్చాడు. చుక్క లేదు. వాడికి డబ్బాపాలు పడవు. ఒకసారి పడితే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి బిగుసుకుని, పట్నం ఆసుపత్రిలో వారం ఉన్నాడు. ఇప్పుడు పట్నం నుంచి ఎవరో తల్లి ఇచ్చిన పాలు చిన్న సీసాల్లో వస్తున్నాయి, రోజుకు రెండు. అవి వాడికి ఏ మూలకూ చాలవు. వారానికి వాడి బుగ్గలు లోపలికి పోయాయి. ఏడుపు పిల్లికూన మూలుగంత అయింది.

యిల్వా కూడా మారిపోయింది. ఆమెకు మూడింటికి కళ్లు మూతలు పడేవి. నిద్రలో గౌను విప్పుకుని, తనది కాని బొంగురు గొంతుతో "రా… తాగు…" అనేది. లేచాక ఏమీ గుర్తుండేది కాదు. యోర్దిస్ పంపిన వెన్న మాత్రం చెంచాతో తినేది.

ఒక మధ్యాహ్నం తీరా వంటగది కిటికీ దగ్గర కూర్చుంది. ఒడిలో పిల్లి ఒక్కసారిగా బిగుసుకుంది. బయట, సరిగ్గా దీపం కింద, మంచు మీద ఏదో దొర్లుతోంది. నెలవంక వెలుతురులో నీడలా కనిపించింది. ఆగింది. గుమ్మం వైపు తిరిగింది… దీపం వెలగలేదు.

తీరా అరవబోయింది, గొంతు రాలేదు. ఎప్పుడూ అంతే. పక్కనున్న గిన్నె తీసి గోడకేసి కొట్టింది. చప్పుడుకు నీడ కంచె వైపు పారిపోయింది.

ఆ సాయంత్రం దీపంతో వచ్చిన కాగితం వెతికి చదివింది. ఒంటి వేడి కదిలితేనే వెలుగుతుందని ఉంది. వేడి లేని దానికి వెలగదు.

"తాతా," అంది. "ఆ దొంగకి ఒంట్లో వేడి లేదు."

"మరి శవమా?" అని నవ్వాడు ఎవెర్త్.

తీరా ఆ కాగితం తాత చేతికిచ్చింది. ఎవెర్త్ నవ్వు ఆపేశాడు.

మర్నాడు బడి అయ్యాక పట్నంలో దాణా కొట్టుకు పోయి రాడార్ రకం దీపం తెచ్చింది. ఎనిమిది వాట్లే. దాని పక్కన, ఎంత కదలికకు వెలగాలో సరిచేసే చిన్న మర ఉంది. తీరా నిచ్చెన ఎక్కి, తాత కింద నుంచి మంచు చల్లుతుంటే, మరను కొంచెం కొంచెం తిప్పుతూ పోయింది. మంచు రాలినా వెలగని చోట, పిల్లి అంత వస్తువు దొర్లితే వెలిగే చోట ఆపింది.

"బిల్లు?" అన్నాడు ఎవెర్త్.

"పాతదానికంటే రెండు వాట్లు తక్కువ తాతా."

"అయితే ఆ ముసల్ది ఎందుకొద్దన్నట్టు?"

ఇద్దరూ ఏటి అవతలి కిటికీ వైపు చూశారు. దానికి దుప్పటి కట్టి ఉంది.

మొదటి రోజు మూడుంపావుకు ఫెళ్లుమని వెలుగు పడింది. వాకిలి మధ్యలో అది… వెంట్రుకలు, ఉన్ని, రెండు నోళ్లు, జారుతున్న చొంగ. చూసిన ఎవెర్త్ మంచులోకి వాంతి చేసుకున్నాడు. వెలుగులో మనిషి కంట పడితే అది వచ్చిన దారినే పారిపోవాలి. ఖాళీ కడుపుతో పోతే కన్న తల్లినే తాగాలి. ఆ మాట యోర్దిస్‌కు మాత్రమే తెలుసు. రెండో రోజూ వెలుగు. రెండో రోజూ ఖాళీ కడుపు. రెండు గుక్కల ఒప్పందం గంట దాకా సాగింది…

మూడో రోజు మూడింటికి వాకిట్లో దీపం వెలిగింది. నిలబడి తోసే మంచుబండి మీద ఒరిగిపోయి యోర్దిస్ వచ్చింది. చెంపలు ఎముకలకు అంటుకున్నాయి. పెదాలు పళ్ల మీద నుంచి వెనక్కి పోయాయి. గౌను ముందు భాగం మాత్రం నిండు గర్భిణిలా ఉబ్బి ఉంది, తనంతట తాను కదులుతోంది.

యిల్వా, ఎవెర్త్, తీరా గుమ్మంలోకి వచ్చారు. లోపల ఇవార్ మూలుగుతున్నాడు.

"ఆ దీపం ఆర్పు అమ్మాయ్," అంది యోర్దిస్. "కళ్లలో పడుతోంది."

పొరుగువాళ్లు అలా అడిగితే మారు మాట లేకుండా ఆర్పెయ్యడం అక్కడి మర్యాద. యిల్వా చెయ్యి స్విచ్ మీదికి పోయింది.

"అవ్వా," అంది తీరా. "మీ గౌను కింద ఏముంది?"

ఆ ఊళ్లో ఎవరూ ఎవర్నీ అలా అడగలేదు. యోర్దిస్ మొహం పగిలిన కుండలా విచ్చుకుంది.

"ఆకలేస్తోంది దానికి. ఒక్కసారి కొట్టంలోకి పోనివ్వండి. ఒక్క ఆవు చాలు."

"మా ఆవులన్నీ వట్టిపోయాయి కదా," అన్నాడు ఎవెర్త్.

"అయితే యిల్వాని పంపు. కాసేపే. అలవాటైన రొమ్మే కదా."

యిల్వా కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. "మరి నా పిల్లాడు?"

"వాడు పోతే ఇంకోడు పుడతాడు. నేను పోతే మీకు వెన్న ఎవరు చేస్తారు?"

యిల్వా చెయ్యి తీసేసింది. ఆ చెయ్యి స్వెటర్‌కేసి తుడుచుకుంది, జిగురేదో అంటినట్టు.

దీపం వెలుగుతూనే ఉంది. ఆరు కళ్లు చూస్తూనే ఉన్నాయి. గౌను కింద ఉన్నది ఇక ఎటూ పోలేకపోయింది. తాగడం తప్ప దానికి మరో దారి లేదు. జుర్రున శబ్దం మొదలైంది, గుజ్జు పీల్చిన శబ్దం… యోర్దిస్ వేళ్లు ముడుచుకున్నాయి. మెడ సన్నబడింది. చర్మం గాలి తీసిన తిత్తిలా లోపలికి కుంగింది. "రూనే…" అంది, భర్తను పిలిచిందో ఎముకను పిలిచిందో. మరుక్షణం మంచుబండి మీద ముసలి తోలు మాత్రమే మిగిలింది, మడతలు పడి.

గౌను చిట్లింది. దూడంత ఉబ్బిన అది ఒక్క క్షణం మెరిసి, పగిలింది. పసుపూ ఎరుపూ కలిసిన గంజి, వెంట్రుకలు, గోళ్లు వాకిలంతా పడ్డాయి. కంపుకు తీరా ముక్కు మూసుకుని గోడకు ఆనుకుంది. మధ్యలో ఒక తెల్లటి ఎముక, శుభ్రంగా, కదలకుండా.

అప్పుడు యిల్వా "అబ్బా" అని రొమ్ములు పట్టుకుంది. స్వెటర్ తడిసింది. ముందు రెండు చుక్కలు, తర్వాత ధార. ఆమె దేన్నీ చూడకుండా లోపలికి పరుగెత్తింది.

తీరా, ఎవెర్త్ గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గారు. లోపల మూలుగు ఇంకొంచెం సాగి, ఎక్కిళ్లుగా మారి… ఆగింది. గుటకల చప్పుడు వినిపించింది.

వాకిట్లో ఏదీ కదలలేదు. మూడు నిమిషాలు గడిచాక దీపం తనంతట తాను ఆరిపోయింది.