బీడులో ఇరవై రెండు జెండాలు

"మధ్యాహ్నం పన్నెండుకి డిపోలోని ఆరు వందల మందుపాతరలూ బూడిదైపోవాలి. ఆలోగా బయట ఒక్కటి పేలినా మనం ఓడినట్టే, కేశవా."

2007 మే నెల. అనంతపురం గెస్ట్‌హౌస్‌లో చీఫ్ బ్రీఫింగ్ అంతే. లొంగిపోయిన దళాలు అప్పజెప్పిన ఆ సరుకు మీద ఓ విదేశీ ముఠా కన్నేసింది. పాతర పేలి ఊరివాళ్లు చస్తే గొడవ లేస్తుంది, ధ్వంసం ఆగుతుంది. డిపోలో మిగిలిన సరుకుని మాయం చేయడం ఆ ముఠాకి మంచినీళ్ల ప్రాయం.

నల్లమాడ అవతల బీడులో దళాలు పూడ్చిన పాతరలు ఇంకా ఇరవై రెండున్నాయి. కేశవది గొర్రెలకాపరి వేషం. చేతికర్రలో డిటెక్టర్, తలపాగాలో ట్రాన్స్‌మీటర్. తోడుగా ఏజెంట్ జయంతి, రాయదుర్గం పిల్ల. నల్లకళ్లద్దాలు, జీన్స్. చూపు తిప్పుకోవడం కష్టం. కేశవ తిప్పుకోలేదు, అదే అతని ఖర్మ.

పదింటికల్లా అన్నీ దొరికాయి.

"గుర్తుకేం పెడదాం?"

"రూల్‌బుక్‌లో ఉండేదే. ఎర్రజెండాలు," అంది జయంతి. బ్యాగులో సిద్ధంగానే ఉన్నాయి. పాతడం పూర్తవగానే బ్యాటరీలు తెస్తానని బైకెక్కి పోయింది.

పావుగంటలో కొండ మలుపున దుమ్ము లేచింది. జనం! గడ్డపారలు, పారలు, చంకల్లో పిల్లలు. మూడేళ్లుగా పంట చూడని ఊరు పరుగున వస్తోంది.

తలపాగాలో జయంతి గొంతు పలికింది. "సారీ కేశవా. నువ్వు కంటోన్మెంట్లో పెరిగినోనివి. బీట్లో ఎర్రజెండాలు పాతినారంటే పేదోళ్లకు భూమి పంచుతాండారని మావోళ్ల లెక్క. ముఠా దుడ్లిచ్చింది, ఊర్లో చెప్పింది నేనే."

కేశవకి పైప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి అడ్డం నిలిచాడు.

"ఆగండి! బాంబులున్నాయి!"

"భూమి అడిగినప్పుడల్లా ఇదే పాట," అంది ముందున్న ముసలి చౌడమ్మ. "మొన్న దయ్యాలుండాయనిరి, ఈ పొద్దు బాంబులా? పక్కకు పోప్పా!"

బతిమాలాడు. కాళ్లు పట్టుకున్నాడు. సిగ్గు విడిచి ఏడ్చాడు. నిజాన్ని నమ్మే నాథుడే లేడు. మొదటి జెండాకి పదడుగులు. అయిదు.

"పట్టాలు రోడ్డు కాడ రాస్తాండారు!" అని గొంతు చించుకుని అరిచాడు కేశవ. "పేరు రాయించుకున్నోళ్లకే భూమి!"

చౌడమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. మరుక్షణం జనమంతా రోడ్డు వైపు మళ్లింది.

రోడ్డు పక్క బండ మీద కూచుని కేశవ పేర్లు రాశాడు. బాంబు స్క్వాడ్ వచ్చి పాతరల్ని ఏరుకుపోయింది. బత్తలపల్లె దగ్గర పారిపోతూ జయంతి దొరికింది. సరిగ్గా పన్నెండుకి కొండ వెనక డిపో దగ్గర నేల దద్దరిల్లింది. క్యూలో ఎవరూ తల తిప్పలేదు.

ఆఖరిదైన నలభై రెండో పేరు చౌడమ్మది. ఉరుకులో వెనకబడింది పాపం.

"తలా ఎకరమేనా నాయనా? నాకు బాయి ఉండే పక్క రాయి."

రాశాడు. 'బావి పక్క' అని కింద గీత కూడా గీశాడు.

"మిషన్ సక్సెస్?" తలపాగాలోంచి అడిగాడు చీఫ్.

"సక్సెస్ సార్. అర్జంటుగా నలభై రెండెకరాలు పంపండి. ఒకటి బావితో."