కంకర బంగళాలో కారు చప్పుడు

మాదాపూర్ దాటి కొత్తగూడ దిక్కు పోయే బాటలో, బండల నడుమ ఒక పాత బంగళా ఉండేది. కంకర బంగళా అనేవాళ్లు. దాని పేరు మంచిది కాదు.

పొద్దు గుంకినాక అటు ఎవరూ పోయేవాళ్లు కాదు. మేక తప్పిపోయి ఆ దిక్కు పోయిందంటే, తెల్లారినాక వెతుక్కుందాంలే అని ఇంటికి వచ్చేసేవాళ్లు. కంకర మిషన్ నడిపిన గుత్తేదారు ఎవరో దాన్ని కట్టించాడట. ఆయన కారు డ్రైవర్ ఒక సాయంత్రం అక్కడే బండరాయికి గుద్ది ప్రాణం వదిలాడట. కొన్నాళ్లకు గుత్తేదారు మిషన్ ఎత్తేసి వెళ్లిపోయాడు. బంగళా మిగిలింది. చెడ్డపేరు మిగిలింది.

అయినా చాలా ఏళ్లు అక్కడ ఏ వింతా జరగలేదు. డెబ్బయి నాలుగులో, దసరా పోయినంక... చప్పుడు మొదలైంది.

మొదట విన్నది సీతాఫలాలు అమ్మే చంద్రమ్మ. ఖాళీ గంపతో ఇంటికి వస్తుంటే బంగళా లోపల కారు స్టార్టయింది. గుర్రుమంది. వేగం అందుకుంది. కిటికీ అద్దాల మీద ఎర్రటి వెలుగు, పచ్చటి వెలుగు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. కీచుమని బ్రేకు... ఢాం.

అంతా సద్దుమణిగింది.

మళ్లీ స్టార్టయింది.

చంద్రమ్మ గంప అక్కడే పడేసి వచ్చింది. తెల్లారి నలుగురు కూడి బాట మీద నిలబడి చూశారు. బంగళా ముందు మోకాలెత్తు గడ్డి. ఒక్క టైరు జాడ లేదు.

"కారు లేకుండనే కారు నడుస్తున్నది. ఇగ మీరే సమజ్ చేసుకోండ్రి," అంది చంద్రమ్మ.

ఇదంతా నాకు చెప్పింది మా భాగ్యమ్మ పెద్దమ్మ. ఎందుకంటే ఆ బంగళా లోపలికి పోయి వచ్చినవాడు ఆమె పెనిమిటే — మా వీరేశం పెద్దబాపు.

మాదాపూర్‌లోనే ఉండే పెద్దబాపు లారీ డ్రైవర్. కూకట్‌పల్లిలో రామచంద్రం సేఠ్ దగ్గర పని. చెయ్యి తిరిగినవాడు. కానీ ఆ ఎండాకాలం నార్సింగి మలుపులో ఎడ్లబండి అడ్డం వస్తే, దాన్ని తప్పించబోయి లారీని బోల్తా కొట్టించాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. క్లీనర్ లింగమూర్తికి కాలు విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు, అతికింది. ఆ లింగమూర్తే కుంటుకుంటూ ఇంటికి వచ్చి, "అన్నా, అయిందేదో అయింది, బండెక్కుదాం పా," అన్నాడు.

పెద్దబాపు ఎక్కాడు. స్టీరింగ్ పట్టుకోగానే చేతులు వణికాయి. ఎంత బిగించి పట్టుకుంటే అంత వణికాయి. దిగాడు... ఇక ఎక్కలేదు.

బండలు కొట్టే పనికి పోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో మాట తగ్గింది. దూరంగా లారీ హారన్ వినబడితే, తింటున్నవాడు తింటున్నట్టే చెయ్యి కడుక్కునేవాడట.

ఒకరోజు సేఠ్ కబురు పెట్టాడు. పెద్దబాపు కూకట్‌పల్లి పోయాడు.

"నీకోసం ఇన్ని దినాలు ఆగిన వీరేశం. ఇగ నాతోని కాదు. పొద్దుగాల బండి తీస్తవా, వేరేటోన్ని పెట్టుకోమంటవా?"

"పెట్టుకో సేఠ్," అన్నాడు పెద్దబాపు.

ఆ మాట అనేసి నడిచాడు. ఎటు నడుస్తున్నాడో చూసుకోలేదు. భార్యకు ఏం చెప్పాలో అనుకుంటూ, తల వంచుకుని, కాళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయాడు. తల ఎత్తేసరికి చీకటి పడింది. ఎదురుగా కంకర బంగళా.

లోపల... కారు స్టార్టయింది.

పెద్దబాపు బాట పక్క బండ చాటుకు ఒదిగాడు. కిటికీలో వెలుగులు తిరుగుతున్నాయి. ఇంజను గుర్రుమంటోంది... వేగం పెరుగుతోంది... ఇంకా పెరుగుతోంది... కీచు... ఢాం.

మళ్లీ మొదలు. మళ్లీ ఢాం.

భయం భయమే. కానీ చెవి మాత్రం డ్రైవర్ చెవి. అంత వేగం అందుకుంటోంది, గేరు మార్చిన చప్పుడే లేదు. మలుపు మీద పడ్డాక గానీ బ్రేకు కొట్టడం లేదు. సచ్చి ఇన్నేండ్లయింది, వీనికి ఇంకా బండి నడుపుడు రాలేదేంది అనుకున్నాడట పెద్దబాపు, వణుకుతూనే.

మళ్లీ స్టార్టయింది. వేగం పెరిగింది. మలుపు వస్తోందని చెవికి తెలిసిపోయింది. ఆపుకుందామనుకునే లోపే నోరు జారింది.

"బ్రేకు... జర ముందుగాల కొట్టు..."

లోపల చప్పుడు ఆగిపోయింది.

గాలి కూడా ఆగినట్టయింది. కిటికీ వెనక నుంచి, మెల్లగా, ఒక ఆడగొంతు —

"ముందే కొట్టానండీ... ఆగట్లేదు."

పెద్దబాపుకు చెమటలు పోశాయి. పోయినవాడు మగవాడు కదా, ఈ ఆడగొంతు ఏంది? అదీ ఆంధ్రా మాట. దయ్యం 'అండీ' అంటదా?

కిర్రుమని తలుపు తెరుచుకుంది. వెలుతురులో ఒక నడివయసు మనిషి నిలబడి ఉంది. పెద్దబాపు ముందు ఆమె పాదాలు చూశాడు. ముందుకే ఉన్నాయి. రబ్బరు చెప్పులు కూడా ఉన్నాయి.

"భయపడకండి అన్నయ్యగారూ. మాది తెనాలి. ఇక్కడ అద్దెకుంటున్నాం," అంది ఆమె. "మీకు డ్రైవింగ్ వచ్చా?"

"వస్తుండె," అన్నాడు పెద్దబాపు.

ఆమె పేరు పుణ్యవతి. భర్త సీతారామాంజనేయులు. ఎగ్జిబిషన్లకూ జాతర్లకూ రంగులరాట్నం, రకరకాల ఆటలు తీసుకుపోయేవాడు. ఆ ఆటల్లో ఒకటి లోపల గోడకు ఆనించి ఉంది. నిలువెత్తు పెట్టె, ముందు అద్దం, కింద కారు స్టీరింగు, కాలితో తొక్కే పెడళ్లు. మీట నొక్కితే లోపల బల్బు వెలిగి, తిరిగే బిళ్లల మీద బొమ్మలు గీసిన రోడ్డూ కార్లూ అద్దంలో ఎదురొస్తాయి. ఇంజను మోతంతా స్పీకర్‌లోంచే. గుద్దుకుంటే ఎర్ర దీపం, ఢాం.

విదేశీ మిషను. బొంబాయిలో ఏదో క్లబ్బువాళ్లు వదిలించుకుంటే కొన్నాడట. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో దీని ముందు ఎంత వరుసో. కారు తలుపు కూడా ముట్టనివాళ్లు క్రాపు దువ్వుకుని, కాలరు లేపి, సినిమా హీరోల్లా ఒంటిచేత్తో స్టీరింగు తిప్పేవాళ్లు. ఒక కొత్త పెళ్లికొడుకు ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకొచ్చి, దాని ముందు కూర్చుని ఫోటో తీయించుకున్నాడు. తర్వాత ఊరూరా మోయలేక ఇక్కడ పెట్టారు. దయ్యం పేరు పుణ్యమా అని బంగళా కిరాయి తక్కువ, కంకర మిషన్ నాటి కరెంటు కూడా ఉంది. పాలూ కూరలూ వెనక బాటన కొండాపూర్ నుంచి వస్తాయి, కనుక మాదాపూర్‌లో ఎవరికీ తెలియలేదు.

"పగలు బొమ్మ కనపడదండి. అందుకే చీకటి పడ్డాక ఆడుకుంటాను," అంది పుణ్యవతి. "మాకు జీపుంది, ఆటలతోపాటు ఊళ్లు తిరుగుతుంది. ఒక్కసారి నేర్పండీ అంటే, ఆడదానికి స్టీరింగెందుకే అంటారు మా ఆయన. ఇదైతే అడ్డు చెప్పేవాళ్లు లేరు. కూర్చోండి, ఆ మలుపు ఎలా తిప్పాలో చూపించండి."

పెద్దబాపు కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు. చేతులు వణికాయి.

రోడ్డు కదిలింది. ఒక కారు ఎదురొచ్చింది... ఇంకొకటి... మలుపు... ఎర్ర దీపం. ఢాం.

ఎగిరి లేచాడు. ఒళ్లంతా తడిసిపోయింది. గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. బోల్తా పడ్డ లారీ, దాని కింద లింగమూర్తి కేక — అన్నీ వచ్చి మీద పడ్డాయి. ఆమెను అంతకుముందు ఎప్పుడూ చూసింది లేదు, అయినా జరిగిందంతా చెప్పేశాడు.

పుణ్యవతి జాలి చూపించలేదు. మీట మళ్లీ నొక్కింది.

"ఇందులో ఎవరి కాలూ విరగదు అన్నయ్యగారూ. గుద్దండి. ఎన్నిసార్లయినా గుద్దండి."

గుద్దాడు. మళ్లీ గుద్దాడు. గుద్దీ గుద్దీ, ఎప్పుడో ఒకసారి నవ్వొచ్చింది. ఆ నవ్వులో చేతుల సంగతి మరిచిపోయాడు. గుర్తొచ్చి చూసుకుంటే — అవి ఊరికే స్టీరింగు మీద ఉన్నాయి. మలుపు వచ్చింది, పోయింది. ఇంకో మలుపు వచ్చింది, పోయింది.

ఇంటి దగ్గర పెద్దమ్మ లాంతరు పట్టుకుని వాడకట్టంతా కూడగట్టింది. పెనిమిటి నవ్వుకుంటూ, ఉత్త చేతులతో గాలిలో స్టీరింగు తిప్పుకుంటూ వస్తుంటే చూసి అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏమయ్యా... ఏడికి పోయినవ్?"

"కంకర బంగళాల కారు నడిపిన. మస్తుసార్లు సచ్చిన భాగ్యా, ఏం కాలే."

పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, నిమ్మకాయతో దిష్టి తీసి, గడప అవతల పారేసింది. తెల్లారక ముందే పెద్దబాపు లేచి కూకట్‌పల్లి పోయి, ఇంకా కొత్త డ్రైవర్ను పెట్టుకోని సేఠ్ చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాడు. దయ్యం పట్టిన మనిషి లారీ ఎట్ల నడుపుతడని పెద్దమ్మ పరేషాన్ అయింది. చివరికి పెద్దబాపు ఆమెను కూడా బంగళాకు తీసుకుపోయి ఆ పెట్టె ముందు కూర్చోబెడితే గానీ నమ్మలేదు.

పుణ్యవతి ప్రతిఫలంగా ఒక్కటే అడిగింది. అసలు బండి నేర్పమంది. సరుకు దింపి ఖాళీగా వచ్చిన రోజుల్లో పెద్దబాపు లారీని బంగళా వెనక మైదానంలోకి తెచ్చేవాడు. పక్కన కూర్చుని నేర్పాడు. ఎండలు మొదలయ్యేసరికి ఒక సాయంత్రం తను కిందికి దిగి, "ఇగ నువ్వొక్కదానివే పోయిరా తల్లీ," అన్నాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే సీతారామాంజనేయులు ఏడుపాయల జాతర ముగించుకుని, జీపునూ సామానునూ పనివాళ్లకు అప్పగించి, బస్సు దిగి నడిచి వస్తున్నాడు.

మసక చీకట్లో లారీ ఎదురొచ్చింది. దీపాలు వెలుగుతున్నాయి. ఇంజను మోగుతోంది. లోపల చూస్తే... మనిషి లేడు. స్టీరింగు మాత్రం మెల్లగా తిరుగుతోంది.

చేతిలోని ట్రంకుపెట్టె అక్కడే వదిలేసి వెనక్కి పరుగు. మాదాపూర్ చాయ్ హోటల్ దాకా ఆగలేదు. బెంచీ మీద కూలబడి, "లారీ... దానంతటదే..." అని మాత్రం అనగలిగాడు. హోటల్లో ఉన్నవాళ్లంతా లేచి గోడకు అంటుకున్నారు.

ఎందుకంటే లారీ అతని వెనకాలే వచ్చింది. వెలుగు హోటల్ గోడ మీద పడింది... దగ్గరికి వచ్చింది... ఇంకా దగ్గరికి... సరిగ్గా బెంచీ ముందు ఆగింది.

స్టీరింగు చక్రం సందులోంచి రెండు కళ్లు కనపడ్డాయి. ఆమె ఎత్తు అంతే మరి.

"ఏవండీ, అలా పరిగెడతారేంటి? ఎక్కండి, ఇంటికెళ్దాం," అంది పుణ్యవతి.

సీతారామాంజనేయులు లేచాడు. భార్యను చూశాడు, లారీని చూశాడు, గోడకు అంటుకున్న జనాన్ని చూశాడు. తర్వాత లారీ చుట్టూ తిరిగి వెళ్లి, క్లీనర్ వైపు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.